కుడివైపు నుంచి సంతకం

ఫర్వానియాలో, సెల్‌ఫోన్లు బాగుచేసే అంగడి మీద
రెండో అంతస్తు గది.
ఒక ఏసీ, దాని కింద ఒక బకెట్టు,
ఆరు ప్లాస్టిక్ కుర్చీలు, వేడెక్కితే మొరాయించే జెరాక్స్ మిషను.
శుక్రవారాలు అక్కడ నా సేవ.
మిగతా రోజులు నా చదువు:
అంతర సాంస్కృతిక సంబంధాలు, పీజీ రెండో ఏడు.
సేవకి పన్నెండు క్రెడిట్లు.

అనకాపల్లిలో మా మేనత్తకి ఈ కోర్సు పేరు
ఇప్పటికీ నోరు తిరగదు.
"పిల్ల కువైట్‌లో మనుషుల్ని చదువుతోంది" అని చెబుతుందట.
పోన్లే, మా ప్రాస్పెక్టస్ కన్నా అదే నయం.

మొదటి శుక్రవారమే రెడ్డెమ్మ వచ్చింది.
రాయచోటి పక్క పల్లె, ఇక్కడికొచ్చి తొమ్మిదేళ్ళు.
కాగితం కవర్లో, కవరు పర్సులో, పర్సు జాకెట్లో.
"బిన్నా చూడు పాపా, బాబా కింద కారులో ఉండాడు."
బిన్నా అంటే నాకు తెలీలేదు.
నేను బేగి అనే ఊరినుంచి వచ్చినదాన్ని.
నా మొహం చూసి ఆమే విప్పి చెప్పింది:
"యల్లా, యల్లా!"
తెలుగుకీ తెలుగుకీ నడుమ
అరబ్బీ వచ్చి దుబాసీగా నిలబడింది.
ఆ రాత్రి నోట్సులో ఇది రాశాను.
కొట్టేశాను. మళ్ళీ రాశాను.

నాలుగు నెలల జీతం బాకీ.
మాట్లాడ్డానికి నేను వెళ్ళాను వాళ్ళింటికి,
రెండు సెమిస్టర్ల అరబ్బీ వెంటేసుకుని.
నేను మాట్లాడితే ఇంటామె
టీవీలో వార్తలు విన్నట్టు విన్నది.
గహ్వా పోసింది రెడ్డెమ్మే.
తాగాను. పోసింది. తాగాను. పోసింది.
వద్దంటే మర్యాద కాదేమోనని
ఐదు కప్పులు, గుండె దడదడ.
ఆరోసారి వంగి చెవిలో అంది:
"ఊపు పాపా, కప్పు ఊపు.
ఊపేదాకా పోస్తానే ఉండల్ల నేను."
ఇంకో మాట కూడా అంది:
"జీతం సంగతి తర్వాత.
ముందు వాళ్ళమ్మ మోకాలి నొప్పి అడుగు."
అడిగాను. గంట పట్టింది ఆ మోకాలు.
రెండు నెలల జీతం వచ్చింది.
ఇంకో రెండు రాలేదు,
ఇది రాసేనాటికి కూడా.

ఒకరోజు జెరాక్స్ చల్లారేదాకా కూర్చుని అడిగింది:
"నీకెంత ఇస్తారు ఈ పనికి?"
ఏమీ ఇవ్వరు. ఫీజు నేనే కడతాను.
పగలబడి నవ్వింది, ఏసీ బకెట్టు అదిరేలా.
"దుడ్డు కట్టి పనికొచ్చినావా?
నేనూ అంతే కదే! ఏజెంటుకు లచ్చన్నర కట్టినా."
ఇద్దరం నవ్వాం.
నవ్వు ఆగాక లెక్క మిగిలింది:
ఆమె కట్టినదాన్ని అప్పు అంటారు,
నేను కట్టినదాన్ని క్రెడిట్లు.
వడ్డీ మాత్రం ఆమెకే.

థీసిస్‌కి అంగీకార పత్రం కావాలి.
చదివి వినిపించాను:
"గోప్యత కోసం మీ పేరు మార్చబడును."
"యాలకు మార్చేది?
పాస్‌పోర్టులో వయసు మార్చినాడు ఏజెంటు.
ఆ ఇంట్లో మేరీ అంటారు, నోరు తిరగదని.
నువ్వు కూడా మారిస్తే నేను యాడుండేది?"
ఆ వాక్యం కొట్టేశాను.
పొట్టి అక్షరాలతో అంచున సంతకం పెట్టుకున్నాను, నేను కొట్టేసినట్టు.
గైడు ఒప్పుకుంటారో లేదో.

వేలిముద్ర ప్యాడు తీయబోయాను.
పెన్ను అడిగింది.
ఆమె పెంచిన పిల్ల, దలాల్,
హోంవర్కు చేసుకుంటూ నేర్పిందట అలిఫ్, బే.
"తెలుగులో రాదా?"
"తెలుగులో ఎవరు కూర్చోబెట్టినారు నన్ను?"

గీత కుడి కొసన మొదలుపెట్టింది.
నాలిక పంటికింద నొక్కి,
ఒక్కో అక్షరం దించుకుంటూ,
నా పేరు అచ్చయిన వైపుకి
మెల్లగా వస్తోంది ఆమె పేరు.

కింద కారు హారన్ కొట్టింది.
నేను బిన్నా అనలేదు.
బేగి అని కూడా.